నలుగురు చూసిన ఫోటో

ప్రద్యోత్ హాజ్రా కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసేవాడు. ఇంటి నుంచి దుకాణానికి సైకిలు మీద పది నిమిషాల దారి. ఆ పది నిమిషాల దారిని అతను ప్రతి ఉదయం గంటన్నర చేసుకునేవాడు. బల్లభ్‌ఘాట్ రేవు మీదుగా చుట్టుతిరిగి వెళ్తూ, మెడలో వేలాడే పాత కెమెరాతో పడవల్నీ, మోకుల్నీ, గట్టు మీది కాకుల్నీ తీసుకునేవాడు. "ఆ కాకులకి నీ మొహం తెలిసినంతగా నాకు తెలీదు" అని భార్య మిఠూ దెప్పిపొడిచేది. అతను నవ్వి ఊరుకునేవాడు. నలభై ఎనిమిదేళ్ళ మనిషికి ఇంకే వ్యసనమూ లేదు.

ఆదివారం పదింటికి మాస్టర్‌మొశాయ్ మేడగదిలో ఫోటోల పిచ్చి ఉన్న నలుగురు చేరేవారు. మాస్టర్‌మొశాయ్ అంటే నిఖిలేశ్ సాన్యాల్. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు డ్రాయింగు చెప్పి రిటైరయ్యాడు. రెండో మనిషి కాబేరీ కుండూ. ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఊళ్ళో సగం మందికి ఆమె బౌదీ, వదిన. ఆమె మనుషుల మొహాలు తీయదు, చేతులు మాత్రమే తీస్తుంది. మూడో వాడు తమాల్. ముప్పై దాటలేదు, బజార్లో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుతాడు. ప్రద్యోత్‌ని దాదా, అంటే అన్నా, అని పిలుస్తాడు, ప్రాణం పెడతాడు. నాలుగో వాడు ప్రద్యోత్.

తలా ఒక ఫోటో అచ్చువేయించి తెచ్చి గోడకి గుచ్చేవారు. తీసిన వాడు నోరెత్తకూడదు. మిగతా ముగ్గురూ ముందు ఒక మంచి మాట చెప్పాలి, తర్వాతే తప్పు పట్టాలి. ఆ నియమం మాస్టర్‌మొశాయ్ పెట్టిందే. ఆయనే దాన్ని ఎక్కువసార్లు మీరేవాడు.

"ఈ పడవని నువ్వు పదకొండేళ్ళుగా తీస్తున్నావు ప్రద్యోత్. పాపం, దానికే విసుగొచ్చి ఒకనాడు మునిగిపోతుంది."

"మాస్టర్‌మొశాయ్, ముందు మంచి మాట!" అని బౌదీ అరిచేది.

"చెప్తున్నా కదమ్మా. పడవ మంచిది. తీసినవాడికే మనుషులంటే భయం."

మరమరాల్లో ఉల్లిపాయ, ఆవనూనె కలిపిన గిన్నె మధ్యలో ఉండేది. మట్టి ముంతల్లో టీ తాగుతూ మధ్యాహ్నం దాకా తిట్టుకునేవారు, మెచ్చుకునేవారు. వారం మధ్యలో ఫోన్లో నలుగురికీ ఒక గుంపు ఉండేది. అందులోనూ ఇదే గోల.

ఆ కార్తీక మాసంలో రేవు దగ్గరికి ఒక కొత్త మనిషి వచ్చింది. మెట్ల పక్కన గోనెపట్టా పరిచి, చెరువుల్లో కాసే పానీఫల్ కాయలు కుప్పపోసి అమ్మేది. పక్కనే ఆరేళ్ళ కూతురు. ఎర్ర స్వెటరు వేసుకుని, కొమ్ములున్న కాయల్ని ఏరి ఒక పక్క పెట్టేది. తల్లి కొంగు ఎప్పుడూ ముక్కు దాకా లాక్కుని ఉండేది. ఎవరైనా బేరమాడితే కాయల వైపు చూస్తూనే జవాబు చెప్పేది.

ఒక ఉదయం పొగమంచులో ప్రద్యోత్ ఫెర్రీ కోసం కాచుకుని కూర్చున్నాడు. ఆ పిల్ల ఒక కాయని నెత్తిన పెట్టుకుని, రెండు కొమ్ములూ పట్టుకుని, గేదెలాగా తల్లి ఒళ్ళోకి దూసుకెళ్ళింది. తల్లి వెనక్కి వాలి పెద్దగా నవ్వింది. కొంగు జారింది. మంచు లోంచి వచ్చే వెలుతురు ఆమె మొహం మీద పడింది. ప్రద్యోత్ చెయ్యి దానంతటదే కెమెరా ఎత్తింది. నొక్కాక గాని తను తీసింది మనిషినని అతనికి తట్టలేదు.

ఆ ఆదివారం ఆ ఫోటో గోడకి గుచ్చాడు. మాస్టర్‌మొశాయ్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"పదకొండేళ్ళు పట్టింది నీకు" అన్నాడు చివరికి.

"తప్పు చెప్పండి మరి" అంది బౌదీ.

"ఎడమవైపు ఆ బకెట్టు తీసేయొచ్చు. ఇంకేం చెప్పను?"

తమాల్ లేచి ఫోటోకి ముక్కు ఆనేంత దగ్గరగా వెళ్ళాడు. "ప్రద్యోత్‌దా, ఇది మనం నలుగురం చూసి పెట్టెలో పెట్టుకునే ఫోటో కాదు. ఒట్టు."

"ఉండరా" అన్నాడు మాస్టర్‌మొశాయ్. "ఇంతకీ ఎవరీమె? పేరేంటి? ఎక్కడ, ఎప్పుడు? ప్రద్యోత్, మొహం తీసినప్పుడు కింద పేరూ ఊరూ లేకపోతే అది దొంగిలించినట్టే. వెళ్ళి అడుగు. ఆమెకో ప్రతి ఇచ్చిరా. ఊరికే మొహాలు తీసుకోకూడదు."

ప్రద్యోత్ అక్కడికక్కడే ఫోన్లోని గుంపులో ఫోటో పెట్టి, కింద "బల్లభ్‌ఘాట్ రేవు, ఉదయం ఆరున్నర" అని రాశాడు. పేరు తర్వాత చేరుస్తానన్నాడు.

మర్నాడు ఫోటో కవర్లో పెట్టుకుని రేవుకి వెళ్ళాడు. సైకిలు స్టాండు వేసి, ఏం చెప్పాలో తెలియక కాసిని కాయలు కొన్నాడు. తర్వాత కవరు చాచాడు.

"ఏంటిది దాదా?"

"మీదే. మొన్న తీశాను. కోపం తెచ్చుకోకండి."

ఆమె ఫోటో తీసి చూసింది. చాలాసేపు చూసింది. పిల్ల తల దూర్చి, "అమ్మా, నువ్వే! పళ్ళన్నీ కనబడుతున్నాయి!" అని కేకపెట్టింది. ఆమె ఫోటో మీద బొటనవేలుతో తన మొహాన్నే ఒకసారి నిమిరింది.

"నేనిలా ఉంటానా?" అంది. వెంటనే కొంగు ముందుకి లాక్కుంది. "ఇది ఇంకెవరి దగ్గరుంది దాదా?"

"ఎవరి దగ్గరా లేదు. మేం నలుగురం స్నేహితులం. సరదాకి తీసుకుంటాం, మేమే చూసుకుంటాం."

"నలుగురే కదా?"

"నలుగురమే."

"ఇంకెవరికీ చూపించకండి. మీ కాళ్ళు పట్టుకుంటాను." ఆమె గొంతు తగ్గించింది. "నా కోసం వెతికే వాళ్ళున్నారు."

ప్రద్యోత్‌కి అర్థమైంది. ఇంకేమీ అడగలేదు. "నా మాట" అన్నాడు. పేరు అడగడానికి నోరు రాలేదు. అతను సైకిలు తీస్తుంటే ఆమే చెప్పింది, "నా పేరు శెఫాలీ. ఇది టుకీ. ఇక్కడ మాత్రం నన్ను మాలతి అనే పిలవండి."

తర్వాతి ఆదివారం అతను ఈ సంగతంతా చెప్పాడు. బౌదీ నిట్టూర్చి, వారానికి ఇలాంటి వాళ్ళు ఇద్దరు ముగ్గురు తన దగ్గరికి వస్తారంది. ఆ ఫోటో ఈ గది దాటకూడదంది. మాస్టర్‌మొశాయ్ తల ఊపి, గోడ మీది ఫోటో తనే తీసి పుస్తకాల మధ్య పెట్టాడు. ఆ రోజు తమాల్ రాలేదు. మేనమామ కూతురి పెళ్ళికి బోల్‌పూర్ వెళ్ళాడు. వచ్చాక చెప్పాలి అనుకున్నాడు ప్రద్యోత్. అనుకున్నాడు, అంతే. సోమవారం దుకాణానికి కొత్త యంత్రం వచ్చింది. బుధవారం మిఠూకి జ్వరం. ఆ మాట అతని బుర్రలోంచి జారిపోయింది.

గురువారం సాయంత్రం దుకాణంలో అద్దం అరగదీస్తుంటే జేబులో ఫోను ఆగకుండా కొట్టుకుంది. తీసి చూస్తే తమాల్ పంపిన మెసేజీ. లక్ష మందికి పైగా ఉన్న ఒక ఫోటోల పేజీలో "ఈ వారం నవ్వు" అని పోటీ పెట్టారు. అందులో శెఫాలీ నవ్వుతోంది. కింద "బల్లభ్‌ఘాట్ రేవు, ఉదయం ఆరున్నర. ఫోటో: ప్రద్యోత్ హాజ్రా" అని ఉంది. తమాల్ ఎడమవైపు బకెట్టు కూడా తీసేశాడు. "నీకు చెప్పకుండా పెట్టాను దాదా, తిట్టుకో. పొద్దుటి నుంచి పన్నెండు వేల మంది మెచ్చుకున్నారు!"

 ప్రద్యోత్ యంత్రం ఆపి వీధిలోకి వచ్చాడు. తమాల్‌కి ఫోన్ చేద్దామని నంబరు తీశాడు. చెయ్యలేదు. నంబరు వదిలి కింద జనం రాసిన మాటలు చదవడం మొదలుపెట్టాడు. ఢాకా నుంచి ఒకతను, "చచ్చిపోయిన మా అమ్మ ఇలాగే నవ్వేది" అని రాశాడు. ఎవరో పెద్ద ఫోటోగ్రాఫరు, "ఈ వెలుతురుని ఇలా పట్టడానికి జీవితం చాలదు" అన్నాడు. ప్రద్యోత్ పనిని అతని జీవితంలో మేడగది బయట ఒక్కరూ మెచ్చుకోలేదు. దుకాణం గుమ్మంలో నిలబడి అతను నాలుగు వందల మాటలు చదివాడు. లోపల యజమాని కేకేశాకే తెలివి వచ్చింది.

శుక్రవారం ఉదయం తమాల్ కొట్టుకి వెళ్ళి అంతా చెప్పాడు. 

"అయ్యో, నాకు తెలీదు దాదా! ఇప్పుడే తీసేస్తా." ఫోను చేతిలోకి తీసుకుని ఆగాడు. "కాకపోతే... రేపే ఫలితాలు. ఇప్పుడు తీస్తే పోటీలోంచి పోతుంది. మనదే మొదటి స్థానంలో ఉంది. ఒక్క రోజు. ఒక్క రోజుకి ఏమవుతుంది?"

ప్రద్యోత్ ఫోన్లో మెచ్చుకున్నవాళ్ళ లెక్క చూశాడు. "రేపు సాయంత్రం తప్పకుండా తియ్యి" అని వచ్చేశాడు. తర్వాత ఎన్నో రోజులు అతను ఈ మాట దగ్గరికే వచ్చి ఆగిపోయేవాడు. తమాల్ తెలియక చేశాడు. తనకి తెలుసు.

శనివారం ఫోటోకి మొదటి బహుమతి వచ్చింది. సాయంత్రమే తమాల్ తీసేశాడు. అప్పటికి అది ఇంకో ఇరవై పేజీల్లోకి పాకింది. కొన్నింటిలో పద్యాలు రాశారు, కొన్నింటిలో శుభోదయం అని రాశారు. తమాల్ ప్రతి పేజీకీ ఉత్తరాలు రాశాడు. ఇద్దరు తీశారు. మిగతావాళ్ళు జవాబే ఇవ్వలేదు.

ఆదివారం ప్రద్యోత్ రేవుకి వెళ్ళాడు. శెఫాలీ కాయలు తూస్తోంది. చెప్పేయాలని రెండుసార్లు దగ్గరికి వెళ్ళాడు. టుకీ అతనికి ఒక కాయ వలిచి ఇచ్చింది. "బాగుందా?" అంది. బాగుందన్నాడు. చెప్పకుండానే వెనక్కి వచ్చాడు.

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి దుకాణంలోకి ఒకతను వచ్చాడు. సన్నటి మనిషి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చేతిలో మిఠాయి పెట్టె. ప్రద్యోత్ ఎవరని అడిగి తెలుసుకుని, వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాడు.

"దాదా, మీరు మనిషి కాదు, దేవుడు. నా పేరు దులాల్ ధాడా. కాట్వా దాటాక ఖేజూర్‌డాంగా మా ఊరు. ఆ నవ్వేది నా భార్య. నెల రోజులుగా వెతుకుతున్నాం. మా అమ్మ అన్నం ముట్టడం లేదు."

 ప్రద్యోత్ అబద్ధం ఆడాడు. "అది పాత ఫోటో బాబూ. పోయినేడు తీసింది. ఆవిడిప్పుడు ఇక్కడ లేదు."

దులాల్ నవ్వాడు. మెత్తగా, మర్యాదగా నవ్వాడు. "పిల్ల వేసుకున్న స్వెటరు ఈ ఏటి దుర్గాపూజకి మా చెల్లెలు అల్లింది దాదా." మిఠాయి పెట్టె బల్ల మీద పెట్టాడు. "ఇంట్లో అందరూ తినండి. రేవెటో నేనే కనుక్కుంటాను, మీరు శ్రమపడకండి."

అతను వీధి మలుపు తిరిగేదాకా ప్రద్యోత్ గుమ్మంలోంచి చూశాడు. తర్వాత సైకిలు లాగి సందుల్లోంచి అడ్డదారిన తొక్కాడు. రేవు చేరేసరికి మెట్ల పక్కన గోనెపట్టా ఉంది, శెఫాలీ లేదు. మంగళవారం ఆమె కాయలు తేవడానికి అవతలి ఒడ్డుకి వెళ్తుంది. నాలుగింటి ఫెర్రీకి తిరిగొస్తుంది. పిల్లని టీకొట్టు బూలా మాసీ దగ్గర వదిలి వెళ్తుంది. ప్రద్యోత్ టీకొట్టు వైపు పరిగెత్తాడు. అప్పటికే దులాల్ అక్కడ ఉన్నాడు. రిక్షాలో సూటిగా వచ్చినట్టున్నాడు. టుకీ అతని చంకలో ఉంది. ఏడవడం లేదు, మాట్లాడడం లేదు. చేతిలో బిస్కెట్టు పట్టుకుని కట్టెలా బిగుసుకుని ఉంది.

"వాళ్ళ నాన్నట!" అంది బూలా మాసీ కళ్ళొత్తుకుంటూ. "చూడు ప్రద్యోత్, నీ ఫోటో ఎంత పని చేసిందో!"

"మాసీ, పిల్లని తీసుకో. ఆవిడ వచ్చేదాకా..."

"కన్నతండ్రి దగ్గర్నుంచి పిల్లని లాక్కోమంటావా? నీకేమైనా పిచ్చా?"

నది మధ్యలో ఫెర్రీ కనబడింది. ముందువైపు నిలబడి ఉంది శెఫాలీ, తల మీద గంప. ప్రద్యోత్ జెట్టీ చివరిదాకా వెళ్ళి రెండు చేతులూ ఊపాడు. వెనక్కి వెళ్ళమని, దిగొద్దని, అటే పొమ్మని. ఫెర్రీ అంత తేలిగ్గా వెనక్కి తిరగదని అతనికి తెలియంది కాదు. పడవ మీది సరంగు అతన్ని గుర్తుపట్టి, ఫోటో తీస్తున్నాడనుకుని, నవ్వుతూ చెయ్యి ఊపాడు. శెఫాలీ కూడా అతన్ని చూసి నవ్వబోయింది. అప్పుడు అతని వెనక ఉన్న మనిషి ఆమె కంట పడ్డాడు.

ఆమె కదల్లేదు. అరవలేదు. ఫెర్రీ ఒడ్డుకి ఆనింది, మోకులు వేశారు, జనం దిగారు. ఆమె అందరికంటే ఆఖర్న దిగింది. గంప కిందకి దించి కొంగు సర్దుకుంది.

"పద, ఇంటికి పోదాం" అన్నాడు దులాల్, పిల్ల వీపు నిమురుతూ. "అమ్మ ఎదురుచూస్తోంది."

చుట్టూ జనం మూగారు. ఎవరో సెల్‌ఫోన్ ఎత్తి తీస్తున్నారు. ప్రద్యోత్ జనాన్ని తోసుకుని ముందుకి వచ్చాడు. "ఆవిడకి వెళ్ళాలని ఉందో లేదో అడగండి! ఇలా లాక్కుపోవడం కుదరదు."

"లాక్కుపోతున్నది ఎవరు దాదా?" అన్నాడు దులాల్. "మీరే అడగండి. నేను పక్కకి జరుగుతాను." నిజంగానే రెండడుగులు పక్కకి జరిగాడు, పిల్లతో సహా.

"మొగుడూ పెళ్ళాల మధ్య నీకేంటయ్యా?" అన్నారెవరో. "కలిపిందీ నువ్వే, విడదీసేదీ నువ్వేనా?" అని ఇంకొకరంటే నవ్వులు వినబడ్డాయి.

ప్రద్యోత్ ఆమె ముందు నిలబడ్డాడు. "చెప్పండి. వద్దంటే నేను పోనివ్వను. బౌదీని పిలుస్తాను, అందరినీ పిలుస్తాను. ఒక్క మాట చెప్పండి."

శెఫాలీ భర్త చంకలోని పిల్లని చూసింది. తర్వాత ప్రద్యోత్‌ని చూసింది. ఆ చూపులో కోపం లేదు.

"నలుగురే అన్నారు కదా దాదా" అంది.

తర్వాత అందరికీ వినబడేలా, "నేను వెళ్తాను" అంది. జనంలో కొందరు చప్పట్లు కొట్టారు. దులాల్ ఖాళీ చేత్తో గంప ఎత్తి తనే రిక్షాలో పెట్టాడు.

ఆ వారమంతా ప్రద్యోత్‌ని ఊరు మెచ్చుకుంది. "ఒక్క ఫోటో, ఒక కుటుంబం" అని ఆ పెద్ద పేజీ రాసింది. రేవులో ఎవరో తీసిన వీడియో కూడా పెట్టారు. అందులో ప్రద్యోత్ చేతులు ఊపుతూ ఉన్నాడు. కింద "ఆనందం పట్టలేకపోతున్న ఫోటోగ్రాఫర్" అని ఉంది. దుకాణం యజమాని అతని మెళ్ళో బంతిపూల దండ వేశాడు. మిఠూకి మాత్రం భర్త మొహం చూడగానే తెలిసిపోయింది. ఆ మిఠాయి పెట్టెని ఆమె విప్పకుండా తీసుకెళ్ళి చెత్తలో వేసింది.

తమాల్ మేడగదికి వచ్చి గుమ్మంలోనే కూలబడ్డాడు. "నేను చంపేశాను ఆవిణ్ణి" అని ఏడ్చాడు. మాస్టర్‌మొశాయ్, "రేవు పేరు రాయమన్నది నేను" అన్నాడు. ప్రద్యోత్ శుక్రవారం సంగతి చెప్పాడు. ఎవరి తప్పెంతో తేల్చుకుంటే ఒరిగేదేముందని బౌదీ కసిరింది. ఆడవాళ్ళ రక్షణ చూసే ఆఫీసుకి ఆమే ఫోన్ చేసింది, దరఖాస్తు రాసింది, రెండుసార్లు వెళ్ళి కూర్చుంది. వాళ్ళ మనుషులు ఖేజూర్‌డాంగా వెళ్ళి కనుక్కున్నారు. తను బాగానే ఉన్నానని శెఫాలీ చెప్పిందట. వేలిముద్ర కాదు, సంతకమే పెట్టిందట.

"నేను నమ్మను" అంది బౌదీ. "మనమే వెళ్దాం."

వెళ్ళడానికో సాకు కావాలి. బహుమతి కింద ఆ పేజీవాళ్ళు ఫోటోని ఫ్రేము కట్టించి పంపారు. అది ఇవ్వడానికి వచ్చామని చెప్పొచ్చన్నాడు తమాల్. పుష్య మాసం చలిలో ప్రద్యోత్, బౌదీ ఇద్దరూ రైలెక్కి, తర్వాత బస్సెక్కి, ఆ తర్వాత బంకమట్టి గట్టు మీద నడిచి ఆ ఇల్లు చేరారు.

దులాల్ ఎదురొచ్చి చేతులు పట్టుకున్నాడు. కుర్చీలు వేయించాడు, ఇరుగుపొరుగుని కేకేశాడు. ఫ్రేము విప్పి అందరికీ తిప్పి చూపించాడు. "మా ఆవిడే! బల్లభ్‌ఘాట్ దాకా పోయి నవ్వింది చూడండి!" అన్నాడు. అందరూ నవ్వారు. శెఫాలీ వేడి వేడి బియ్యప్పిండి పిఠాలు పళ్ళెంలో పెట్టి తెచ్చింది. ఎడమ కాలు కొంచెం ఈడుస్తోంది.

"కాలికేమైంది?" అంది బౌదీ.

"చెరువు మెట్ల మీద జారింది" అంది అత్తగారు, కోడలు నోరు తెరవకముందే.

బౌదీ చేతులు కడుక్కుంటానని పెరట్లోకి వెళ్ళింది. శెఫాలీ నీళ్ళు పోయడానికి చెంబు తీసుకుంది. వెనకాలే అత్తగారు సబ్బు పట్టుకుని లేచింది. ప్రద్యోత్ ఆవిణ్ణి ఆపాలని, మోకాళ్ళ నొప్పులున్నాయా, కళ్ళు బాగా కనబడుతున్నాయా, తను కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాను అంటూ ఏదేదో మాట్లాడాడు. ఒక్క నిమిషం ఆపగలిగాడు.

టుకీ గుంజ చాటు నుంచి అతన్ని చూస్తోంది. "బాగున్నావా టుకీ?" అన్నాడు. ఆ పిల్ల తండ్రి వైపు చూసి, తర్వాత తల ఊపింది.

వెళ్ళొస్తామని లేచేసరికి దులాల్ అడ్డొచ్చాడు. "అంత దూరం నుంచి కెమెరా తెచ్చి ఊరికే పోతారా దాదా? మా ముగ్గురికీ ఒకటి తియ్యండి. ఆ ఫోటోలో నేను లేను కదా!"

తియ్యననడానికి కారణం వెతికాడు ప్రద్యోత్. వెలుతురు లేదన్నాడు. ఉందన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. ఉంది కూడా. మధ్యాహ్నపు చలికాలం ఎండ వాకిలంతా మెత్తగా పరుచుకుని ఉంది. దులాల్ మంచం మీద కూర్చున్నాడు, పిల్లని తొడ మీద కూర్చోబెట్టుకున్నాడు. శెఫాలీ పక్కన నిలబడింది.

ప్రద్యోత్ కెమెరా కంటిలోంచి చూశాడు. ఆమె అంచున ఉంది, సగం మొహం గుంజ నీడలో. బొమ్మ సరిగ్గా కుదరాలని చూసుకునే అలవాటు చొప్పున అతని నోట్లోంచి మాట వచ్చేసింది.

"కొంచెం దగ్గరికి జరగండి."

ఆమె జరిగింది. దులాల్ చెయ్యి ఆమె మణికట్టు మీద పడింది. ప్రద్యోత్ నొక్కాడు.

"బాగా వచ్చిందా దాదా?" అన్నాడు దులాల్.

"వచ్చింది."

 రైల్లో కిటికీ పక్కన కూర్చున్నాక బౌదీ చెప్పింది. "అడిగాను. మనుషుల్ని తీసుకుని వస్తాం, నిన్నూ పిల్లనీ తీసుకుపోతాం, ఊఁ అను చాలు అన్నాను."

"ఏమంది?"

"మళ్ళీ రాకండి బౌదీ అంది. ఆఫీసువాళ్ళు వచ్చి వెళ్ళాక కాలు ఇలా అయింది, మీరు వెళ్ళాక ఏమవుతుందో అంది. నా చేతి మీద నీళ్ళు పోస్తూనే చెప్పింది. ఇంతలో అత్తగారు వచ్చేసింది."

ప్రద్యోత్ సీట్లోంచి లేచాడు. ఎక్కడికో వెళ్ళేవాడిలా తలుపు దాకా వెళ్ళాడు. రైలు పొలాల మధ్య పోతోంది. దిగి వెనక్కి వెళ్తే ఏం చెయ్యగలడు? వెళ్ళకపోతే మాత్రం, ఈపాటికి ఆ వాకిట్లో ఏం జరుగుతోందో? ఎటు తిరిగినా ఆమెకే తగులుతుంది. మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. బౌదీ తన పర్సులో మడిచి పెట్టుకున్న ఫోన్ నంబర్ల కాగితాన్ని తీసి చూసి, మళ్ళీ లోపల పెట్టుకుంది.

ఆ తర్వాత బౌదీ ఆ పక్క ఊళ్ళో పనిచేసే ఒక నర్సుని పట్టుకుంది. టీకాల రోజున ఆ ఇంటి మీదుగా వెళ్ళిరమ్మని అడిగింది. నెలకోసారి కబురు వచ్చేది. ఉంది. నడుస్తోంది. పిల్లని బడికి పంపుతున్నారు. అంతకంటే ఏమీ తెలిసేది కాదు. రేవు మెట్ల పక్కన ఆ చోట్లో ఇంకెవరో ఉల్లికాడలు పెట్టుకున్నారు. ప్రద్యోత్ దుకాణానికి తిన్నగా బజారు దారినే వెళ్ళడం మొదలుపెట్టాడు.

మాఘంలో ఒక ఆదివారం అతను మేడగదికి వెళ్ళాడు. తమాల్ ఉన్నాడు, బౌదీ ఉంది, మరమరాలు ఉన్నాయి. బౌదీ ఎవరో ముసలావిడ మందుబిళ్ళ అందుకుంటున్న చెయ్యి తెచ్చి గుచ్చింది. దాని గురించి కాసేపు మాట్లాడారు. తర్వాత మాస్టర్‌మొశాయ్ అడిగాడు, "నువ్వేం తెచ్చావు?"

"ఏమీ తీయలేదు. ఇదొక్కటే ఉంది" అని ప్రద్యోత్ సంచిలోంచి కవరు తీశాడు. గోడకి గుచ్చలేదు. చేతికిచ్చాడు.

మాస్టర్‌మొశాయ్ కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాడు. ఎండ సరిగ్గా పడింది, ముగ్గురి మొహాలూ స్పష్టంగా ఉన్నాయి, తీసెయ్యాల్సిందేమీ లేదు. ఆయన పెదాలు కదిలాయి, మంచి మాట రాలేదు, తప్పూ రాలేదు. తమాల్ నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. కింద వీధిలో కూరగాయల బండివాడు కేక పెట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

"ఈ పిల్ల" అన్నాడు మాస్టర్‌మొశాయ్ ఎట్టకేలకు, కళ్ళజోడు పైకి తోసుకుని, "చిక్కిపోయింది కదూ? అన్నం తింటోందా?"

ఆ సంగతి గదిలో ఎవరికీ తెలియదు.